పట్టేసిన ఫ్రీవీల్ ఊడింది

నాన్న పాత సైకిల్ ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి చైన్ పట్టే పళ్ల చక్రం, మొత్తానికి ఊడింది, మూడు రోజులు పట్టింది. తొక్కిన ప్రతిసారీ మన కాలి బలమే దాన్ని హబ్ (చక్రం మధ్య భాగం) మరల మీద ఇంకాస్త బిగిస్తుంది, దానికి తుప్పు కూడా తోడైతే ఇక మామూలు పానాకి లొంగదు. మొదట సుత్తీ ఉలీ పట్టాను, ఫ్రీవీల్ గాడి అంచు చితికింది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

రెండు రాత్రులు మరల్లోకి తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాను. తర్వాత గాడిలో సరిగ్గా కూర్చునే రిమూవర్ (ఫ్రీవీల్ విప్పే పనిముట్టు) పెట్టి, అది జారకుండా యాక్సిల్ (ఇరుసు) నట్ బిగించి, రిమూవర్‌ని వైస్‌లో, అంటే బల్లకి బిగించి ఉండే పట్టకారులో, పట్టించి, పైనున్న 28 అంగుళాల చక్రాన్ని రెండు చేతులతో స్టీరింగ్‌లా గడియారానికి ఎదురుదిశలో తిప్పాను. అంత పెద్ద చక్రమే మనకి పొడవాటి పిడి అన్నమాట. టక్‌మని శబ్దం వచ్చింది! ఎంత ఆనందమేసిందో.

అయితే అది కదలగానే ఆపి నట్ వదులు చేయాలి, లేకపోతే ఊడొచ్చే ఫ్రీవీల్ నట్‌ని నెట్టి యాక్సిల్‌ని పాడుచేస్తుంది. కొత్తది ఎక్కించే ముందు మరలకి గ్రీజు బాగా పూశాను, ఈసారి విప్పేవాళ్లకి ఇంత కష్టం ఉండకూడదు.