బావి మీది తుమ్మచెట్టు: ఆరు వారాల గిజిగాళ్ల లెక్క

నాలుగో సెమిస్టర్ ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే హాస్టల్ ఖాళీ చేసి నల్గొండ బస్సెక్కాను. ఇంట్లో రెండు రోజులు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, అమ్మమ్మ వాళ్ల ఊరికి వచ్చేశాను. కనగల్ వైపు, టౌన్ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. మామ వాళ్ల పొలంలో పాత మోట బావి ఒకటి ఉంది. మోట పోయింది, తర్వాత బిగించిన కరెంటు మోటారూ పోయింది. ఇప్పుడు పారేదంతా బోరు నీళ్లే. బావిలో నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి మీదికి ఒక నల్లతుమ్మ వంగి ఉంటుంది. ఆ కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ, ఒక్క గూడైనా మొదటి నుంచి చివరిదాకా కడుతుండగా చూడలేదు. ఈసారి సెలవులన్నీ ఆ ఒక్క చెట్టుకే ఇద్దామనుకున్నాను.

నాకు ముందు తెలియక తర్వాత పనికొచ్చినవి ఇక్కడే చెప్పేస్తాను. ఫ్రెండ్ దగ్గర 8×40 బైనాక్యులర్ అడిగి తెచ్చుకున్నాను. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 40 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని. పన్నెండు రెట్లది ఇంకా బాగుంటుందనిపిస్తుంది, కానీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. స్టాండు లేకుండా చూసేవాళ్లకు ఎనిమిది చాలు. చెట్టు బొమ్మ ఒక పెద్ద కాగితం మీద గీసి, కొమ్మలకు కొ1 నుంచి కొ7 దాకా పేర్లు పెట్టాను. మూడు రోజులకోసారి ఒకే చోటు నుంచి ఫోటో తీయాలి, లేకపోతే ఏ గూడు ఏదో వారంలో మర్చిపోతాం. నేను కంచెకు పాతిన రాతి కడీ మీద ఫోన్ ఆనించి తీసేదాన్ని. కడీ కదలదు కాబట్టి ప్రతి ఫోటోలోనూ చెట్టు ఒకేలా పడింది.

గూటి దశలకు నావే మూడు పేర్లు పెట్టుకున్నాను. కొమ్మకు ముడివేసి గుండ్రంగా చుట్టు తిప్పితే 'ఉంగరం'. పైకప్పు పడి బోర్లించిన టోపీలా కనిపిస్తే 'టోపీ'. గుడ్లు పెట్టే బుర్ర పూర్తయి కిందికి పొడుగ్గా దారి దిగితే 'గొట్టం'.

జూలై 2, ఆరుద్ర కార్తె

పొద్దున 6 నుంచి 8, సాయంత్రం 4:30 నుంచి 6. మొత్తం 7 గూళ్లు. ఉంగరాలు 5, టోపీలు 2. పసుపుపచ్చ తల, నల్లటి ముసుగు వేసినట్టున్న మొహం ఉన్న మగవి ఆరు కనిపించాయి. ఈ రంగు వానాకాలంలో గూళ్లు కట్టే రోజుల్లోనే వస్తుంది. మిగతా ఏడాదంతా మగదీ ఆడదీ పిచ్చుకలాగే ఉంటాయి.

వానలు సరిగ్గా పడలేదు. మామ బోరు నీళ్లతో పోసిన నారు ఇంకా జానెడు కూడా లేవలేదు. మరి గూడు అల్లడానికి వీటికి ఆకు పోగులెక్కడివి? గంటసేపు చూస్తే తెలిసింది. అన్నీ బావి వెనక ఈత చెట్టు మీదికే పోతున్నాయి.

జూలై 6, పునర్వసు

మొత్తం 12. ఉంగరాలు 4, టోపీలు 8. నాలుగు రోజుల్లో ఇంత పెరుగుతాయని అనుకోలేదు. మామ కొడుకు ఎనిమిదో తరగతి. పొద్దున బడికి పోయే ముందు వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. "వదినా, కొ3 మీద ఇంకోటి షురూ చేసింది" అని నాకంటే ముందే పట్టేస్తున్నాడు. వాడి కళ్లకు బైనాక్యులర్ అక్కర్లేదు.

జూలై 9

ఈ రోజు నారుమడి గట్టు మీద బోర్లా పడుకుని ఒక మగదాన్ని మూడు మీటర్ల దూరం నుంచి చూశాను. వరి ఆకు అంచున, మొదలు దగ్గర ముక్కుతో చిన్న గాటు పెట్టింది. ఆ గాటు దగ్గర ఆకు అంచును గట్టిగా పట్టుకుని పైకి ఎగిరింది. ఎగురుతుంటే ఆ అంచు 'సర్'మని నిలువునా చీలి పోగులా వచ్చేసింది. కోయడం, చీల్చడం, తీసుకుపోవడం, మూడూ ఒక్క ఎగురుడులోనే. అంతా కలిపి రెండు మూడు సెకన్లు పట్టిందేమో. ఆకు అక్కడే నిలబడి ఉంది, ఒక అంచు మాత్రం లేదు.

నారు పాడవుతుందని మామకు చిరాకు. ఇద్దరం కలిసి గట్టు వెంబడి ఒక చదరపు మీటరులో చూశాం. చీలిన ఆకులు చాలా ఉన్నాయి, చచ్చిన మొక్క ఒక్కటీ లేదు. మడి లోపలికి అసలు రాలేదు, అంచుల్లోనే. "గంతే గదా, పోనీ తియ్" అన్నాడు. పైగా పిల్లలకు ఇవి మేపేది మిడతలు, పురుగులే. అది విన్నాక ఇంకేమీ అనలేదు.

జూలై 11

మొత్తం 15. ఉంగరాలు 3, టోపీలు 10, గొట్టాలు 2. ఆడవి వచ్చాయి. ఆడది చెట్టు మీద వాలగానే మగవన్నీ తమ తమ టోపీల కింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటాయి, చెవులు హోరెత్తేలా అరుస్తాయి. ఆడది ఒక టోపీలోకి దూరి, లోపలి పోగులు లాగి చూసి, ఇంకోదాంట్లోకి పోతుంది. నచ్చితేనే మగది మిగతా సగం, అంటే బుర్ర, గొట్టం కడుతుంది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే మిగిలిపోతుంది, మగది పక్కన ఇంకోటి మొదలుపెడుతుంది. సగం కట్టి వదిలేసిన గూళ్లు గాలికి చెడిపోయినవని ఇన్నేళ్లూ అనుకున్నాను. అవన్నీ ఆడది చూసి కాదన్నవి.

ఇక్కడే నా వల్ల తప్పు జరిగింది. ఫోటో కోసం నులక మంచాన్ని చెట్టుకు ఐదారడుగుల దగ్గరికి జరిపాను. ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. అప్పటిదాకా కొ3లో తిరుగుతున్న ఆడది ఎగిరిపోయి పొద్దంతా మళ్లీ రాలేదు. చాలా బాధేసింది. మంచం తిరిగి వేపచెట్టు కిందికి, ఇరవై అడుగుల దూరానికి తెచ్చాను. అప్పటి నుంచి ఒకటే గుర్తు పెట్టుకున్నాను, వాటి గోల వినిపిస్తున్నంతసేపే మనం సరైన దూరంలో ఉన్నట్టు. మర్నాడు పొద్దున ఆ కొమ్మ మీద మళ్లీ ఆడది కనిపించేదాకా నాకు టెన్షనే.

జూలై 15

రాత్రి పెద్ద గాలివాన. పొద్దున పోయేసరికి 5 గూళ్లు రాలాయి. నాలుగు టోపీలు, ఒక ఉంగరం. చెట్టు మీద మిగిలినవి 10. ఫోన్‌లో దిక్సూచి పెట్టి మొదటి రోజు నుంచీ ఏ గూడు ఏ వైపుందో రాసుకుంటున్నాను కాబట్టి వెంటనే చూశాను. వానకు ముందు తూర్పున 9, పడమర వైపు 6 ఉన్నాయి. రాలిన ఐదింటిలో నాలుగు పడమటివే. నైరుతి గాలి ఆ వైపు నుంచే కొడుతుంది, తూర్పు వైపు గూళ్లకు చెట్టే అడ్డం. గిజిగాళ్లు ఎక్కువగా తూర్పు వైపే కడతాయని పుస్తకాల్లో చదివాను. ఎందుకో ఈ పొద్దున కళ్లారా చూశాను.

రాలినవాటిలో నాలుగు బావిలో పడ్డాయి. ఒకటి గట్టు మీద దొరికింది. చెట్టు మీది గూడు ఎప్పుడూ తెంపకూడదు, ఇది రాలింది కాబట్టి ఇంటికి తెచ్చాం.

జూలై 16, 17: గూడు విప్పడం

రెండు సాయంత్రాలు పట్టింది. అరుగు మీద తెల్ల పంచె పరిచి, నేనూ మామ కొడుకూ ఒక్కొక్క పోగే తీశాం. చేత్తో లాగితే తెగిపోతున్నాయి. గూటిని పావుగంట తడిగుడ్డలో చుట్టి ఉంచితే మెత్తబడి, అమ్మమ్మ దబ్బనంతో ముడులు వదులుగా వచ్చాయి. ఎవరైనా విప్పదలుచుకుంటే ముందు తడపండి.

మొత్తం 583 పోగులు. అన్నిటికంటే పొడుగుది 46 సెంటీమీటర్లు, అది ఈతాకు. కొమ్మకు కట్టిన పై భాగమంతా ఈత పోగులే, 140 దాకా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ ఈత తగ్గి, కప్పు అంచులన్నీ వరి ఆకే. మామ నారు ఎప్పుడు ఎదిగిందో ఆ గూడు చూసి చెప్పొచ్చు. ఈతాకు గట్టిది కాబట్టి కొమ్మకు కట్టడానికి వరి ఆకు దొరికినా దాన్నే వాడతాయా అని నాకు అనుమానం. కొత్తగా మొదలయ్యే ఉంగరాలను చూసి తేల్చుకోవాలి.

ఇంకో లెక్క కూడా వేశాను. జూలై 12న ఒక మగదాన్ని గంటసేపు చూస్తే 19 సార్లు పోగు తెచ్చింది. రోజుకు నాలుగు గంటల పని అనుకుంటే, ఎనిమిది రోజులకు 608. మేము విప్పిన గూడు జూలై 6 నాటి ఫోటోలో ఉంగరం, వాన నాటికి ఎనిమిది రోజులు. 583కీ 608కీ ఎంత దగ్గర! ఆ రాత్రి నోట్‌బుక్ మూయబుద్ధి కాలేదు.

లోపలి గోడకు అంటించిన మట్టి పెళ్లలు మూడు దొరికాయి. "దాంట్ల మిణుగురు పురుగును గుచ్చి దీపం పెట్టుకుంటది బిడ్డా" అని అమ్మమ్మ ఎప్పటి నుంచో చెప్పే మాట. మూడూ చిదిపి చూశాం, మట్టీ గడ్డీ తప్ప ఏమీ లేవు. అమ్మమ్మ వాటిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "మా అమ్మ చెప్పింది నాకు" అంది. తర్వాత జొన్న చేలలో మంచె ఎక్కి వడిసెలతో ఇవే పిట్టల్ని కొట్టిన రోజుల గురించి చాలాసేపు చెప్పింది. మిణుగురు మాట నోట్‌బుక్‌లో అమ్మమ్మ పేరు కిందే రాశాను.

జూలై 21, పుష్యమి

మొత్తం 17. ఉంగరాలు 5, టోపీలు 8, గొట్టాలు 4. నాట్లు నడుస్తున్నాయి. కొత్త ఉంగరాలు ఐదూ చూశాను. నారు చేతికందే ఎత్తులో ఉన్నా, నాలుగింటికి ముడి ఈతాకుదే. ఐదోది చీకట్లో తేలలేదు.

జూలై 26, ఆదివారం

నల్గొండ నుంచి ఇద్దరు ఫ్రెండ్స్ బండి మీద వచ్చారు. పొద్దున చెట్టు దగ్గర కూర్చుని, మధ్యాహ్నం ముగ్గురం పానగల్ పోయాం. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద కదలకుండా నిలిచే స్తంభం నీడ చూసి, ఉదయసముద్రం కట్ట ఎక్కాం. నీళ్లలో బుడుంగుపిట్టలు, కట్ట మీద లకుముకి, తీగ మీద పాలపిట్ట. దసరాకు ఊరంతా వెతుక్కునే పిట్ట అలా ఊరికే కనిపిస్తే ముగ్గురం దండం పెట్టుకున్నాం. కట్ట కింది ఈత చెట్లకు కూడా గూళ్లున్నాయి, కానీ ఒక్కరోజులో చూస్తే లెక్కే తప్ప ఏదీ అర్థం కాలేదు. నా తుమ్మచెట్టే నయమనిపించింది.

జూలై 29

మొత్తం 22. ఉంగరాలు 3, టోపీలు 10, గొట్టాలు 9. కొ3, కొ5 గొట్టాల్లోకి ఆడవి మాటిమాటికీ పోతున్నాయి. ఆడది రెండు నుంచి నాలుగు తెల్లని గుడ్లు పెడుతుంది, పొదగడమంతా దానిదే. మగది అప్పటికే ఇంకో గూడు మొదలుపెట్టేసింది.

రాత్రి అన్నాల దగ్గర మామ బావి మాట ఎత్తాడు. నాట్లు అయ్యాక జేసీబీతో పూడ్పిస్తాడట. పోయినేడు లేగదూడ పడింది, చుట్టూ గోడ లేదు, పిల్లలు తిరిగే చోటు. ఆయన భయం నిజమే, కాదనలేను. నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టాను. నీళ్ల మీద వేలాడితే పాములు, ఉడుములు అందుకోవడం కష్టమని, ఇప్పుడు గుడ్లున్న గూళ్లు ఇవీ అని, పొదిగేందుకు రెండు వారాలు, పిల్లలు ఎగిరేందుకు ఇంకో రెండున్నర వారాలు పడుతుందని వేలు పెట్టి చూపించాను. ఆయన చెట్టు బొమ్మను చాలాసేపు చూశాడు. "దసరా దాక ఆగుదాం. గప్పుడు సూద్దాం, గోడ కట్టుడా, పూడ్సుడా" అన్నాడు. అప్పటిదాకా చుట్టూ ముళ్లకంప వేద్దామని అమ్మమ్మ అంది. మర్నాడే అందరం కలిసి వేశాం, నా రెండు చేతులూ గీరుకుపోయాయి.

ఆగస్టు 8, ఆశ్లేష

మొత్తం 26. ఉంగరాలు 4, టోపీలు 9, గొట్టాలు 13. తూర్పు వైపు 19, మిగతా వైపు 7. మూడు గూళ్లలో పిల్లల అరుపు వినిపిస్తోంది. ఆడది గొట్టంలోకి కింది నుంచి దూసుకుపోయేటప్పుడు ముక్కున పచ్చని మిడత కాళ్లు వేలాడటం స్పష్టంగా చూశాను.

రేపు హైదరాబాద్. బైనాక్యులర్ ఫ్రెండ్‌కు తిరిగి ఇవ్వాలి. నోట్‌బుక్, చెట్టు బొమ్మ మామ కొడుక్కు ఇచ్చాను. కడీ మీద ఫోన్ పెట్టే చోట సున్నంతో గీత గీశాం. ఆదివారాలు మాత్రం చాలు, రోజూ వద్దన్నాను. వాడు రోజూ చూస్తానన్నాడు.

ఆగస్టు 13

మామ ఫోన్ నుంచి ఫోటోతో మొదటి లెక్క వచ్చింది. మొత్తం 27. ఉంగరాలు 4, టోపీలు 8, గొట్టాలు 15. కొ3 పిల్లలు ఎగిరిపోయాయట.