వల డబ్బులు ఎవరిస్తారు?

ప్రజా సంబంధాల ఉద్యోగంలో ఉన్నవాళ్లం ఒక ప్రచారం ముగియగానే మొదట తిరగేసేది మర్నాటి పేపర్లనే. ప్రెస్ నోట్ ఎన్ని పత్రికల్లో పడింది, ఫొటో వేశారా, సంస్థ పేరు శీర్షికలోకి ఎక్కిందా లేక చివరి వాక్యంలో మిగిలిపోయిందా అని చూసుకుని, కటింగులన్నీ ఫైలు చేసి పైవాళ్లకు పంపితే మా పని అయిపోయినట్టే. ఆ ప్రచారం వల్ల ఎవరైనా అప్పటిదాకా చేస్తున్న పనిని మానుకున్నారా అన్న సంగతి ఆ ఫైలులో ఎక్కడా కనిపించదు. అందుకే, విజయవంతమైన ప్రచారం ఏదని ఎవరైనా అడిగితే నేను గుజరాత్ తీరంలో 2004లో మొదలైన వేల్ షార్క్ రక్షణ ప్రచారం గురించే చెబుతాను.

వేల్ షార్క్ చేపలన్నింటిలోకీ పెద్దది, మనిషి జోలికి రానిది. వెరావల్ ప్రాంతపు మత్స్యకారులు దాన్ని మాంసం కోసమూ కాలేయపు నూనె కోసమూ వేటాడేవారు. చెక్క పడవలకు నీరు పట్టకుండా ఆ నూనెనే పూసేవారు. 2001లో ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి వేటను నిషేధించింది గానీ, ఆ కబురు తీరంలో చాలామందికి చేరనే లేదు. అప్పుడు వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, మిఠాపూర్‌లో కర్మాగారం ఉన్న టాటా కెమికల్స్ చేతులు కలిపి, రామకథా ప్రవచనకర్త మొరారీ బాపును ప్రచారానికి ముందు నిలబెట్టాయి. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల వంటిదని ఆయన జనానికి చెప్పారు. పురిటికి వచ్చిన ఆడపిల్ల మీద చేయి ఎత్తే పుట్టిల్లు ఎక్కడుంటుంది? మన విశాఖ జాలారిపేటలో చెప్పినా ఆ మాట అంతే సూటిగా తగులుతుంది. తర్వాత పోర్‌బందర్ వంటి పట్టణాలు ఆ చేపను తమ చిహ్నంగా ప్రకటించుకున్నాయి.

పత్రికలు ఎక్కువగా రాసింది ఈ భాగం గురించే. నా దృష్టిలో అసలు తెలివి మరోచోట ఉంది. వలలో చిక్కిన వేల్ షార్క్‌ను ప్రాణాలతో వదలాలంటే వల కోయక తప్పదు. వల అంటే తరచుగా అప్పు చేసి కొన్న ఆస్తి. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆ తర్వాత మత్స్యకారుల చేతికే కెమెరాలు ఇచ్చి, చేపను వదులుతున్నప్పుడు తామే తీసుకున్న ఫొటోలను ఆధారంగా చూపే వీలు కల్పించారు. దానితో అధికారులు వచ్చి చూసేదాకా నడిసముద్రంలో వేట మానుకుని కాచుకునే బాధ తప్పింది. అలా వందల వేల్ షార్కులు వలల్లోంచి బయటపడి సముద్రంలోకి తిరిగి వెళ్లాయి. ప్రవచనం ఒక్కటే ఉండి పరిహారం లేకపోతే, మొదటి సీజన్‌లో కన్నీళ్లు పెట్టుకున్నవారే రెండో సీజన్‌లో వల వంక చూసుకునేవారని నా అనుమానం. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరానికి ఒక వేల్ షార్క్ కొట్టుకొచ్చినప్పుడు మన మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి దాన్ని క్షేమంగా లోతు నీటికి చేర్చారు. పదిమందికీ చెప్పుకోదగిన కథ మన దగ్గరా ఉందన్నమాట.

వ్యాపార సంస్థల విషయంలోనూ కొలత ఇదే. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి నివారణ మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలపగా ఏడుగురు చనిపోయారు. విషం కర్మాగారంలో కలవలేదని తేలినా, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ మందు వాడవద్దని జనాన్ని హెచ్చరించి, ప్రకటనలు ఆపి, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించుకుంది. ఇందుకు 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కొన్ని వారాల్లోనే, ఎవరైనా ముందే తెరిచి ఉంటే ఇట్టే తెలిసిపోయే ప్యాకింగుతో అదే మందు దుకాణాలకు తిరిగి వచ్చింది, పోయిన గిరాకీ కూడా ఏడాది తిరిగేలోగా చాలావరకు వచ్చింది. మా వృత్తి పాఠాల్లో దీన్ని మాటల నేర్పుకు ఉదాహరణగా చెబుతుంటారు. సరుకును వెనక్కి పిలవకుండా అవే మాటలు చెప్పి ఉంటే ఎవరు నమ్మేవారు?

2014 వేసవిలో నెత్తిన చన్నీళ్లు కుమ్మరించుకునే ఐస్ బకెట్ సవాలు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. దాన్ని చూసి హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి మొదలుపెట్టిన రైస్ బకెట్ సవాలు నాకు మరీ నచ్చింది, ఎందుకంటే అందులో అవసరమున్నవారికి బకెట్టెడు బియ్యం ఇచ్చాకే ఫొటో.

మన ఆర్కే బీచ్‌లో జరిగే శుభ్రత కార్యక్రమాలలో చాలావాటి వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు బ్యానర్ విప్పుతారు, తర్వాత టీషర్టులు పంచుతారు, అతిథి చేతికి గ్లవ్స్ తొడిగి ఫొటో తీస్తారు, ఆపైన సమయం మిగిలితే చెత్త ఏరతారు. ఈమధ్య ఒక స్వచ్ఛంద సంస్థ ఆలివ్ రిడ్లే తాబేళ్ల రక్షణ ప్రచారానికి కరపత్రం రాసిపెట్టమని నన్ను అడిగింది. బోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయిన తాబేళ్లు మన తీరానికి కొట్టుకొస్తుంటాయి. అవి తప్పించుకునేలా వలకు అమర్చే పరికరం ఉంది కానీ, దాని దారిన కొంత చేప కూడా పోతుందన్నది బోటు యజమానుల గోడు. సంస్థ వారి బడ్జెట్ కాగితంలో ఫ్లెక్సీలకూ టోపీలకూ పద్దులు ఉన్నాయి గానీ, ఆ పరికరానికీ పోయే చేపకూ ఏమీ రాయలేదు. ఆ పద్దు చేర్చితేనే కరపత్రం రాస్తానని చెప్పాను. ఫ్లెక్సీలు సగానికి తగ్గించి ఆ డబ్బు అటు మళ్లించడానికి ఒప్పుకున్నారు. టోపీలు మాత్రం ఉండి తీరాలట.