ఒక్క రామ్‌లే ఎందుకు నిలవడం లేదు: నాలుగడుగుల ట్యాంకు తాజా కబుర్లు

మా ఇంటి చేపల ట్యాంకులో మళ్లీ జర్మన్ బ్లూ రామ్‌లు (చిన్న నీలిరంగు అక్వేరియం చేపలు) పోయాయి. ముందు ఆడది, దాని వెనకే మగది. వరస మాత్రం ఎప్పటిదే. తెచ్చిన కొత్తలో రంగూ ఆకలీ బ్రహ్మాండంగా ఉంటాయి. రెండో వారం దాటాక ఓ పూట మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. మర్నాటికి మలం తెల్లగా దారంలా వేలాడుతుంది. ఆ తర్వాత ఒళ్లు నల్లబడి, రెక్కలు ముడుచుకుని ఫిల్టరు పక్క మూలకు చేరుతుంది. మూలకు చేరిన రామ్ మళ్లీ తేరుకోగా నేను చూడలేదు. అదే ట్యాంకులో మిగతా చేపలు, అంటే ఏంజెల్స్, క్రిబెన్సిస్ (క్రిబ్) జంట, కార్డినల్ టెట్రాలు, స్టెర్బై కోరీలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. కోపం కూడా అందుకే వస్తోంది.

మంచి కబుర్లు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఏంజెల్స్ జత కట్టాయి, క్రిబ్ పిల్లలు అంగుళం దాటాయి, కార్డినల్స్ ఒక్కటీ తగ్గలేదు. ఏంజెల్స్‌ని రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు, టెట్రాల్ని బాగా ఎదిగినవి చూసి తేవడం వల్లే ఇది కుదిరిందని నా నమ్మకం, లేకపోతే ఏంజెల్స్ టెట్రాల్ని మింగేస్తాయి.

ఇక రామ్‌ల సంగతి. ఎవరికి చెప్పినా వచ్చే మొదటి మాట, "పాలకొల్లు బోరు నీళ్లలో రామ్‌లేంటండీ, మలావీ చేపలు వేసుకోండి" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది, మా బోరు నీళ్లు 8.2. రామ్‌లేమో వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పరీవాహకంలోని మైదానాలవి. మెత్తటి (సున్నం తక్కువున్న), కాస్త ఆమ్లగుణమున్న వెచ్చటి నీళ్లకు అలవాటుపడ్డ జాతి. అందుకని నేనూ ముందు నీళ్లనే అనుమానించాను.

నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపించే టీడీఎస్ మీటరు ఒక్కటి పట్టుకుని మన డెల్టాలో నీళ్ల సంగతి తేల్చలేం. 1150 చూపించిందంటే అందులో ఉప్పెంత, సున్నమెంత అన్నది అది చెప్పదు. అందుకే భీమవరంలో రొయ్యల రైతులు వెళ్లే ల్యాబుకు సీసా పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి "కల్చర్ ఎన్ని రోజులదండీ?" అని అడిగాడు. రొయ్యలు కాదు బాబూ, ఇంట్లో అద్దాల తొట్టి అంటే తలెత్తి చూసి, "అలాగైతే హార్డ్‌నెస్‌తో పాటు ఆల్కలినిటీ కూడా చేయించుకోండి సార్, రెండూ వేర్వేరు" అన్నాడు. హార్డ్‌నెస్ అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతన్నది; ఆల్కలినిటీ అంటే పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే శక్తి. రంగు మారే పట్టీల కన్నా ఈ ల్యాబులు వంద రెట్లు మేలు, ఖర్చూ తక్కువే. బోరు నీళ్లు హార్డ్‌నెస్ 420 పీపీఎం, ఆల్కలినిటీ 360. వాళ్లు పీపీఎంలో ఇస్తారు కాబట్టి 17.9తో భాగిస్తే చేపలు పెంచేవాళ్లం వాడే డిగ్రీలొస్తాయి. అంటే 23, 20.

కాలువ నీళ్లు మెత్తనే గానీ వాటిని నమ్ముకోలేం. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, గోదావరికి వరదొస్తే ఎర్రనీరు దిగుతుంది. పటిక తిప్పితే తేరుకుంటాయి నిజమే, కానీ పటిక ఆల్కలినిటీని తినేసి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. అందుకని ఒక వంతు బోరు, మూడు వంతులు వాటర్ ప్లాంటు నీళ్లు కలిపి డ్రమ్ములో ఓ రాత్రి గాలి కొట్టించి వాడుతున్నాను. ఈ కలగలుపు టీడీఎస్ 320, హార్డ్‌నెస్ 6 డిగ్రీలు, ఆల్కలినిటీ 5, పీహెచ్ 7.4. అడవిలో పట్టిన రామ్‌కి చాలకపోవచ్చు గానీ ఫారంలో పుట్టిన రామ్‌కి ఇది మంచి నీళ్లే. చెన్నైలో రంగుచేపలు అమ్మే కొళత్తూరు నుంచి వచ్చిన సంచిలో నీళ్లే టీడీఎస్ 610 చూపించాయి! అక్కణ్నుంచి 320కి చుక్కలచుక్కలుగా, సాయంత్రమంతా పట్టేలా దించాను.

నీళ్ల మీద అనుమానం పోయింది క్వారంటైన్ తొట్టి (చేపల్ని విడిగా ఉంచే చిన్న తొట్టి) వల్ల. రెండడుగులది, స్పాంజ్ ఫిల్టరొక్కటే, నీళ్లు అదే డ్రమ్మువి. అందులో ఉంచిన రామ్ జంట నెలలు దాటినా కళకళలాడుతూ పలకరాయి మీద గుడ్లు కూడా పెట్టింది. గుడ్లు తినేశాయనుకోండి, అది వేరే సంగతి. ఒకే డ్రమ్ము, ఒకే మేత, వేడి కూడా రెండింట్లోనూ 29కీ 31కీ మధ్యే. ఆ జంటనే పెద్ద ట్యాంకులోకి మారిస్తే మళ్లీ పాత కథే. కాబట్టి బోరుని తిట్టడం ఇక మానేద్దాం. పెద్ద ట్యాంకులో ఉండి, చిన్నదాంట్లో లేనిదేదో వాటి ప్రాణం తీస్తోంది.

తేడాలు ఒక్కొక్కటిగా కొలిచాను. మొదటిది నైట్రేట్, చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో పోగయ్యేది. పెద్దదాంట్లో నీళ్లు మార్చే ముందు 40 పీపీఎం, చిన్నదాంట్లో 10. వాడింది ఏపీఐ లిక్విడ్ కిట్టు. నాకు దాని మీదే గురి, కాకపోతే రెండో సీసాని అర నిమిషం గట్టిగా కుదపకపోతే తక్కువ చూపిస్తుంది. వారానికి రెండు విడతలుగా 30 శాతం చొప్పున మార్చి 15కి దించాను. తర్వాత వేసిన రామ్‌లు కాస్త ఎక్కువ రోజులు తిన్నాయనిపించింది, అంతే.

రెండోది ఆక్సిజన్. మొక్కలున్న తొట్టిలో తెల్లవారుజామున తగ్గుతుంది కదా. చెరువు చేసే మా మావయ్య తన డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) తెచ్చి తెల్లారకముందే ముంచి చూశాడు. పెద్దది 5.1, చిన్నది 6.5. "ఐదంటే నా రొయ్యలకి ఢోకా లేదురా, నీ చేపలకెందుకు చాలదు?" అన్నాడాయన. చాలుతుందనే నేనూ అనుకున్నాను, అయినా రాత్రిపూట ఎయిర్‌స్టోన్ పెట్టి 6.6కి తెచ్చాను. ఫలితం మారలేదు.

మూడోది క్రిబ్‌లు. ఇక్కడ నాకు కాస్త వెలుగు కనిపించింది. దీపాలార్పాక ఎర్ర లైటు వేసి ఫోనుతో వీడియోలు తీశాను. క్రిబ్ జంట కాపురం కొబ్బరి చిప్పలో, ట్యాంకు ఎడమ చివర. మామూలు రోజుల్లో చిప్ప నుంచి 45 సెంటీమీటర్లు వాటి హద్దు. పిల్లలున్నప్పుడు ఆడ క్రిబ్ 80 సెంటీమీటర్ల దాకా తరిమికొడుతుంది. ట్యాంకు పొడవే 120. మిగిలిన 40లో కోరీలు, ఫిల్టరు నీటి తోపు, పెద్ద దుంగ. రామ్ కూడా అడుగున రాయీ ఇసుకా చూసుకుని బతికే చేపే. దానికి నేల దొరక్క మధ్య నీళ్లలోకి లేస్తుంది, అక్కడ ఏంజెల్ ఎదురొస్తుంది. ఎక్కడా రెక్క చిరగలేదు, పొలుసు ఊడలేదు, అందుకే పగటిపూట చూస్తే గొడవేమీ లేనట్టుంటుంది. ఏ చేపల్ని కలిపి పెంచొచ్చో చెప్పే కమ్యూనిటీ చార్టుల్లో క్రిబ్, రామ్ రెండూ "శాంత స్వభావం" గళ్లోనే ఉంటాయి. ఒకే అంతస్తు కావాల్సిన రెండు జంటల్ని అలా పక్కపక్కన రాసే చార్టుల మీద నాకు గౌరవం లేదు.

అయితే బెదురొక్కటే తెల్లటి మలాన్ని తేదు. నాలుగోది పొట్టలో పురుగు. ఆ లక్షణాలకు స్పైరోన్యూక్లియస్, హెక్సామిటా లాంటి కశాభ జీవులు (తోకలాంటి పోగులతో ఈదే ఏకకణ జీవులు) కారణమని పుస్తకాలన్నీ చెబుతాయి. మూలకు చేరిన రామ్‌ని చిన్న తొట్టిలోకి తీసి, 60 లీటర్లకు 400 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్ వేసి, రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చి మళ్లీ మందిచ్చాను. మేత ఇంకా ముడుతున్నవి కోలుకున్నాయి, మానేసినవి దక్కలేదు. నీళ్లలో కలపడం కన్నా మేతలో పట్టించడమే సరైన దారని నాకనిపించింది, తినడం మానేసిన చేపకు ఆ దారీ లేదు. కోలుకున్నవాటిని పెద్ద ట్యాంకులో వదిలితే మళ్లీ తిరగబెట్టింది.

మరి ఆ పురుగు ఎక్కడ దాక్కుంటోంది? మన ఊళ్లోనే రొయ్యల పేగులు చూసే చిన్న ల్యాబొకటుంది, మైక్రోస్కోపుంది. మలం చల్లారితే ఆ జీవుల కదలిక ఆగిపోతుంది కాబట్టి, ఏంజెల్‌ని సంచిలో సజీవంగా పట్టుకెళ్లి, అక్కడే తాజాగా గాజుపలక మీద వేయించాను. 400 రెట్లలో సన్నటి చుక్కలు నిప్పురవ్వల్లా దూసుకుపోతూ కనిపించాయి. ఫలానా జాతి అని ఆ పెద్దాయన ఖాయంగా అనలేదు, కానీ కశాభాలున్న జీవులే అన్నారు. అదే ఏంజెల్ రోజుకు మూడుసార్లు తిని, జత కట్టి, గుడ్లకు చోటు చూసుకుంటోంది! ఏంజెల్స్ ఈ జీవుల్ని ఏ లక్షణమూ లేకుండా మోయగలవు. నా ఊహ ఇది: ఏంజెల్స్ మోస్తున్నాయి, క్రిబ్‌లు నేల లేకుండా చేస్తున్నాయి, రెండూ కలిసి రామ్‌ని కూలుస్తున్నాయి. విడివిడిగా ఏ ఒక్కటైనా అది తట్టుకునేదేమో.

ఊహని ఊహగా వదలను. ముందు క్రిబ్ జంటని చిప్పతో సహా చిన్న తొట్టికి మారుస్తాను, ఏంజెల్స్‌కి మందివ్వకుండా. అప్పుడూ రామ్‌లు పోతే తప్పు నేలది కాదు, పురుగుదే. అప్పుడు ఏంజెల్స్‌కి మందు పట్టించిన మేత. రెండూ ఒకేసారి చేస్తే రామ్‌లు బతకొచ్చు గానీ ఎందుకు బతికాయో ఎప్పటికీ తెలియదు. మేతకి హికారి సన్నగుళికలే వాడతాను, మందునీళ్లు పీల్చుకున్నాక కూడా చిట్లవు. ఈ మధ్యలో బొలీవియన్ రామ్‌లు వేయమని ఒక మిత్రుడి సలహా. గట్టి చేపే, ఒప్పుకుంటాను. కానీ నీలిరంగు రామ్ సంగతి తేలకుండా వాటిని తేను.

క్రిబ్‌లు వెళ్లాక రెండడుగుల తొట్టి నిండిపోతుంది కాబట్టి మూడడుగుల అద్దాలు చెప్పాను. అది మన దేశపు చేపలకి. మన దేశంలో పుట్టిన సిక్లిడ్‌లు (రామ్, ఏంజెల్, క్రిబ్‌ల కుటుంబం) మూడే, వాటిలో ఆరెంజ్ క్రోమైడ్ ఇంటి తొట్టికి సరైన సైజు. మూడు నాలుగంగుళాలు మించదు, జంట రెండూ పిల్లల్ని కాస్తాయి, పిల్లలు తల్లిదండ్రుల ఒంటి జిగురుని కొరుక్కు తింటాయి. మెత్తటి నీళ్లలో దానికి బూజు పడుతుంది, కాస్త ఉప్పుంటే హాయి. అంటే దానికి ప్లాంటు నీళ్ల ఖర్చే లేదు, నేరుగా బోరు నీళ్లే. తోడుగా కాలువ పరిగెలు వేద్దామనుంది. పరిగె ఎంత ఉప్పు తట్టుకుంటుందో ముందు బకెట్లో చూడాలి: లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, వారం గమనించి, రెండుకి. ఉప్పు కొలవడానికి మావయ్య రిఫ్రాక్టోమీటరు అడిగాను గానీ అంత తక్కువ ఉప్పు దగ్గర దాని గీతలు నమ్మలేం. వంటింటి తూకంతో తూచి కలపడమే నయం. అద్దాలు వచ్చే వారం వస్తాయన్నారు, క్రిబ్‌లని మాత్రం ఈ ఆదివారమే మారుస్తున్నాను.