మిరప కోతలప్పుడు క్లాసు లేదు

మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయిన వారం ఫోన్ చేసి, "మామయ్యా, మా చర్చివాళ్లు ఇండియాలో పల్లెటూరి పాస్టర్ల ట్రైనింగ్ కోసం ఏదైనా చేద్దామంటున్నారు. మనవైపు ఒక సెంటర్ కట్టిద్దామా?" అన్నాడు. నేను జవాబు సగం చెప్పేసరికి వాడికి మీటింగ్ టైమైంది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

నేను పాస్టర్ని కాదు. పల్నాడు ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. లూథరన్ సంఘంలో పుట్టిపెరిగాను. ఆరేళ్ల కింద మా సంఘం పాస్టరు అయ్యగారు "మాస్టారూ, చుట్టుపక్కల పాస్టర్లకు నెలకో సోమవారం చదువు చెబుదామనుకుంటున్నాం, మీరూ ఒక పూట రండి" అంటే వెళ్లాను. ఆదివారం వాళ్లకు ఖాళీ ఉండదు కాబట్టి సోమవారం. సత్తెనపల్లిలో చర్చి వెనక గది, పదహారు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బోర్డు. ఇప్పటికీ అంతే.

వచ్చేవాళ్లలో లూథరన్లు, బాప్టిస్టులు కొందరే. ఎక్కువమంది ఏ మిషన్‌కీ చెందని ఇండిపెండెంట్ సంఘాలవాళ్లు. జీతం లేదు, ఆదివారం కానుకలే. ఒకాయన ఆటో తోలతాడు, ఇద్దరు తాపీ పని, మిగతావాళ్లలో చాలామంది కూలికి వెళ్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. మొదటి ఏడాది ఆ సంగతి ఆలోచించకుండా ఫిబ్రవరిలో క్లాసు పెడితే ముగ్గురొచ్చారు. "వీళ్లకు చదువంటే శ్రద్ధ లేదు" అని మా పెద్దాయనొకరు విసుక్కున్నారు. శ్రద్ధ లేక కాదు, ఆ రోజు కూలి పోతే ఆ వారం బియ్యం ఉండవు.

ఇంకో సంగతి చెప్పాలి. మొదటి రెండు నెలలు బైబిలు బయటికి చదవమంటే ముగ్గురు నలుగురు తడబడేవారు. నేను బడిపంతుల్ని కదా, చదవడం రాదనుకుని అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను. తర్వాత ఒకాయన పుస్తకాన్ని చెయ్యి చాపినంత దూరం పెట్టుకోవడం చూశాను. కళ్లజోళ్లు! మా క్లాసు పెట్టిన మొదటి ఖర్చు పుస్తకాలమీద కాదు, నాలుగు జతల కళ్లద్దాలమీద. అప్పట్నుంచి వాళ్లే నా గ్రాంథిక ఉచ్చారణ సరిదిద్దుతున్నారు. ఏడో తరగతితో ఆపేసిన మనిషి "సెలవిచ్చుచున్నాడు", "చేసియున్నాను" అంటూ ఒక్క తప్పు లేకుండా చదువుతాడు. మా టెన్త్ పిల్లల్లో ఎంతమంది అలా చదవగలరో నాకు తెలుసు.

ఏం చెప్పాలో మొదట్లో నాకూ తెలియదు. ఒక రోజు బైబిల్లో యిర్మీయా 29వ అధ్యాయం తీయమన్నాను. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే పదకొండో వచనం అందరికీ కంఠతా వచ్చు. క్యాలెండర్లమీద, ఆటోల వెనక ఉండేదే. దాని ముందున్న పదో వచనం చదవమన్నాను. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆటో తోలే ఆయన, "అంటే మాస్టారూ, ఆ ఉత్తరం విన్నవాళ్లలో చాలామంది అది జరగడం చూడకుండానే పోయారన్నమాట" అన్నాడు. ఆ ఆదివారం అదే వాక్యం చెప్పాడట. కొడుకు పోయిన ఒక ముసలామె వచ్చి, "ఇన్నాళ్లకు నా సంగతి చెప్పావయ్యా" అందట. ముందు వచనం, వెనక వచనం చూడటం పెద్ద విద్యేమీ కాదు. కానీ అది చూడమని ఆయనకు అంతవరకు చెప్పినవాళ్లు లేరు.

వాళ్లంతట వాళ్లు అడిగిన క్లాసు పెళ్లిళ్ల గురించి. ఒక రిటైర్డ్ వకీలుగారిని పిలిచాం. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, అధికారం గానీ లైసెన్సు గానీ లేకుండా క్రైస్తవ పెళ్లి జరిపించినవాళ్లకు పదేళ్ల దాకా జైలు పడొచ్చని ఆయన చెప్పారు. గదిలో గాలి ఆగిపోయింది. అప్పటికే పదుల కొద్దీ పెళ్లిళ్లు చేసినవాళ్లున్నారు. ఆ రోజు భోజనాలు చల్లారిపోయాయి, ఒక్కరూ లేవలేదు.

పెద్ద చదువులు వద్దని కాదు నేననేది. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలై, 1973లో హైదరాబాదుకు మారింది. లూథరన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు కలిసి నడుపుతున్నారు. హీబ్రూ, గ్రీకు చదివినవాళ్లు మనకు కావాలి. సీరంపూర్ విద్యాసంస్థ ఇచ్చే ఆ వేదాంత డిగ్రీ లేనివాడు నన్నెలా చదివిస్తాడు? కాకపోతే హైదరాబాదులో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ చేసిన కుర్రాడు, పిల్లల బడి కోసమైనా సరే, మా చుట్టుపక్కల తండాకు వచ్చి కాపురం పెట్టడు. అందుకు వాణ్ణి తప్పుపట్టలేం. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ చర్చివాళ్లకూ ఇదే తంటా వచ్చింది. పట్నంలో పాస్టర్ల కాలేజీలో (సెమినరీలో) చదివినవాళ్లు పల్లెలకు తిరిగి వెళ్లడం లేదని గమనించి, 1963లో పద్ధతి తిరగేశారు. పాస్టరు తన ఊళ్లోనే, తన పనిలోనే ఉంటాడు; పుస్తకాలు ఇంటికొస్తాయి; వారానికోసారి గురువే దగ్గర్లోని ఊరికి వస్తాడు. 1971లో బెంగళూరు కేంద్రంగా మన దేశంలోనూ అలాంటిది మొదలైంది. మా వెనక గది క్లాసు ఆ దారిలోదే, దానికంత పేరు లేకపోయినా.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కూడా చూశాను. ఎక్కణ్ణుంచో ఒక బృందం వచ్చి మూడు రోజులు కాన్ఫరెన్స్ పెట్టింది. ఏసీ హాలు, బ్యాగులు, బిర్యానీ, చివర్లో సర్టిఫికెట్లు. ప్రసంగం ఇంగ్లీషులో, అనువాదం పరుగుల మీద. మావాళ్లలో ఒకాయన ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించుకున్నాడు. అక్కడ ఏం చెప్పారని అడిగితే, "బాగా చెప్పారు మాస్టారూ" అన్నాడు. అంతే.

ఇప్పుడు లెక్క, అల్లుడూ. మనిషికి రానుపోను చార్జీలు, భోజనం, జిరాక్సులు కలిపి మూడు వందల యాభై. పదహారు మందికి నెలకు ఆరు వేల లోపే. పోయిన కూలి కూడా ఇద్దామా అన్నదానిమీద మాలో మాకు గొడవ. ఇస్తే కూలి కోసమే వస్తారని ఒకరంటారు. కాన్ఫరెన్సుకు వచ్చిన ప్రసంగీకుడికి విమానం టికెట్ ఇచ్చినప్పుడు ఆ అనుమానం ఎవరికీ రాలేదేమని నా ప్రశ్న. ఇంకా తేలలేదు. పాస్టరమ్మలు ఇద్దరే వస్తున్నారు. ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసేది, పురుడొచ్చినా చావొచ్చినా ముందు పరుగెత్తేది వాళ్లే. వాళ్లకూ చార్జీలు విడిగా పెట్టాలి, లేకపోతే ఒక టికెట్ డబ్బుతో భర్తే వస్తాడు.

అయితే మీ చర్చి డాలర్లు నా ఖాతాకు మాత్రం పంపొద్దు. విదేశీ సంస్థల విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్నవాళ్లే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. 2020 సవరణ తర్వాత వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఉండి, పల్లెల్లో తామే క్లాసులు నడిపే కాలేజీ ఏదైనా ఉంటే చూసుకోమను. నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి నీ సొంత జీతంలోంచి ఇచ్చేది వేరే సంగతి.

ఇదంతా చదివి రాత్రి మెసేజ్ పెట్టాడు: "సరే మామయ్యా, మావాళ్లకు చూపించడానికి క్లాసు ఫోటో ఒకటి పంపు." ఇప్పుడు మార్చి. గదికి తాళం వేసి ఉంది, అందరూ చేలల్లో ఉన్నారు. మే మొదటి సోమవారం తీసి పంపుతానన్నాను.