దుబాయి సెలూన్ నుంచి మా వీధి ఆడపిల్లలకు

దుబాయిలోని కరామాలో, ఆడవాళ్లకు మాత్రమే ప్రవేశమున్న ఒక సెలూన్‌లో నేను పనిచేస్తున్నాను. అమీర్‌పేటలో బ్యూటీషియన్ కోర్సు చేసి, మల్కాజిగిరిలో ఇంటి ముందు గదిలో నడిచే పార్లర్‌లో చేయి తిరిగాకే అక్కడికి వెళ్లాను కాబట్టి, హైదరాబాద్ ఆడవాళ్లు అద్దం ముందు కూర్చుని ఏమడుగుతారో, అక్కడికి వచ్చే దేశదేశాల ఆడవాళ్లు ఏమడుగుతారో రెండూ నాకు దగ్గరగా తెలుసు. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడల్లా మా వీధి ఆడపిల్లలు వచ్చి కూర్చుంటారు. ఒకరు నర్సుగా, ఒకరు హోటల్ రిసెప్షన్‌లో, ఇంకొకరు సేల్స్ ఉద్యోగంలో చేరడానికి దుబాయికి ప్రయాణం కట్టినవాళ్లు. పెళ్లిళ్లప్పుడు తప్ప ముఖానికి పౌడర్ మించి ఎన్నడూ వేసుకోనివాళ్లు. రోజూ డ్యూటీకి వెళ్లేటప్పుడు మేకప్ ఎలా వేసుకోవాలన్నది వాళ్ల ప్రశ్న. అందరూ ముందుగా ఏ ఫౌండేషన్ కొనాలని అడుగుతారు. నేను మాత్రం కనుబొమల సంగతి తేల్చుకున్నాకే మిగతాది అంటాను. ముఖానికి పొందిక తెచ్చేవి అవే, ఒకసారి చెడితే నెలల తరబడి దిద్దుకోలేనివీ అవే.

మన దగ్గర పార్లర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది, “అక్కా, మంచిగ సన్నగ తియ్యి, నెల దాక మళ్ల రాకుంటుండాలె” అంటారు. ఆ మాట వెనుక పైసల లెక్క ఉంది, ఆ లెక్కను నేను తేలిగ్గా తీసుకోను. అయితే సన్నగా తీసినంత మాత్రాన వెంట్రుకలు ఆలస్యంగా రావు. కనుబొమలోని వెంట్రుకలన్నీ ఒకే దశలో ఉండవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని పెరగడం ఆగి ఉంటాయి, కొన్ని రాలిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. ఇవాళ చర్మం కింద దాగి, మెలి తిప్పి వెంట్రుకలు లాగే దారానికి దొరకనిది కొద్ది రోజుల్లో పైకి వస్తుంది. ఎంత సన్నగా తీయించుకున్నా రెండు మూడు వారాలకల్లా చెదురుమదురు వెంట్రుకలు మొలుస్తాయి, పైగా సన్నని గీత పక్కన అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సహజమైన వెడల్పు అలాగే ఉంచి, కింది అంచున, రెండు కనుబొమల నడుమ ఉన్న విడి వెంట్రుకలను మాత్రం తీయించుకుంటే, కొత్తగా మొలిచేవి పాతవాటిలో కలిసిపోయి నాలుగు వారాల దాకా ఇబ్బంది ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఏళ్ల తరబడి ఒకేచోట లాగుతూ పోతే కొన్ని కుదుళ్లు వెంట్రుకను పుట్టించడమే మానేస్తాయి. వయసులో ఉండగా సన్నగా తీయించుకుని, ఇప్పుడు పొద్దున లేస్తే పెన్సిల్ లేకుండా బయటకు రాలేకపోతున్నామని బాధపడే ఆడవాళ్లు మా సెలూన్‌కు ఎందరో వస్తారు.

అక్కడ మా కుర్చీలో ఒత్తయిన కనుబొమల ఎమిరాతీ అమ్మాయి లేచిన వెంటనే పలుచని కనుబొమల ఫిలిప్పీన్స్ అమ్మాయి కూర్చుంటుంది, ఆ తర్వాత రెండు కనుబొమలు కలిసిన మన తెలుగు నర్సు వస్తుంది. ఫోన్‌లో ఒక నటి ఫోటో చూపించి ఇలాగే కావాలని అడిగేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కానీ కనుబొమ కొలత ఎవరి ముఖంలో వాళ్లకే ఉంటుంది. ఒక పెన్సిల్‌ను ముక్కు రెక్క పక్కన నిలువుగా ఆనించి పైకి చూడండి. అది కనుబొమను తాకే చోటే మొదలు, దానికి లోపలివైపు ఉన్నవే తీయదగినవి. పెన్సిల్ కింది కొసను అక్కడే ఉంచి, ఎదురుగా చూస్తున్నప్పుడు నల్లగుడ్డు బయటి అంచు మీదుగా పోయేలా వంచితే వంపు ఎక్కడ రావాలో తెలుస్తుంది. ఇంకా వంచి కంటి బయటి మూల మీదుగా పోనిస్తే తోక ఎక్కడ ముగియాలో తెలుస్తుంది. తోక కొస, మొదలు కన్నా కిందికి దిగకూడదు; దిగితే ముఖం ఎప్పుడూ అలసిపోయినట్టు ఉంటుంది. రెండు కనుబొమలూ అచ్చంగా ఒకేలా ఏ మనిషికీ ఉండవు కాబట్టి, సరిసమానం చేయాలని ఒకసారి ఇటు, ఒకసారి అటు తీస్తూ పోవడం అసలుకే ఎసరు తెచ్చే పని. తేడాను పెన్సిల్‌తో సరిచేసుకోవచ్చు, దారంతో సరిచేయబోకూడదు.

థ్రెడింగ్ మన చేతిపని, అక్కడ దానికి మంచి గౌరవం ఉంది. మన పార్లర్లలో దారం ఒక కొసను పంటితో పట్టుకోవడం మామూలే. మా సెలూన్‌లో నోట పెట్టనివ్వరు, మెడకు చుట్టుకుని చేస్తాం. ఒక్కో మనిషికి కొత్త దారం తెంచి, పని కాగానే పారేస్తాం. సెలూన్‌లో పనిచేసే మాకు మున్సిపాలిటీ వారి ఆరోగ్య కార్డు ఉండాలి, పరికరాల శుభ్రతనూ తనిఖీ చేస్తారు. ఇక్కడ ఏ తనిఖీ లేకపోయినా, కొత్త దారం తెంచమని అడిగే హక్కు కుర్చీలో కూర్చున్న మీకుంది. దారం నడిచేటప్పుడు మీరు ఒక చేతి వేళ్లతో నుదుటి చర్మాన్ని పైకి, రెండో చేతి వేళ్లతో కనురెప్పను కిందికి లాగి బిగువుగా పట్టుకోవాలి. పట్టు సడలితే మెలి పడిన దారంలో వెంట్రుకతో పాటు చర్మమూ చిక్కుతుంది, గాటు పడేది అప్పుడే. మంట వచ్చేసరికి చేయి వదిలేయడం కొత్తవాళ్ల అలవాటు. మంట పుట్టినప్పుడే ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి.

మొటిమలకు అడాపలిన్, ట్రెటినోయిన్ వంటి మందులు రాసుకుంటున్నా, ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా కనుబొమల దగ్గర వ్యాక్స్ పెట్టించుకోకూడదు, పై పొర ఊడివస్తుంది. థ్రెడింగ్‌కు కూడా ముందే ఆ సంగతి చెప్పాలి. తెల్లబడడానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు అంతకన్నా ప్రమాదం. అవి నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి ఎర్రబారుతుంది, ముఖం మీద అవాంఛిత రోమాలూ పెరుగుతాయి. ఆ రోమాల కోసమే మళ్లీ పార్లర్‌కు వస్తారు, పలుచబడ్డ చర్మం మీద దారం నడపడానికి నా చేయి ఆడదు. డాక్టర్ చీటీ లేకుండా అలాంటి క్రీములు అమ్మకుండా మన దేశంలో 2018లోనే నిబంధన తెచ్చారు, అయినా ఇళ్లలో ఆ ట్యూబులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అలాగే తలకు వేసుకునే రంగును కనుబొమలకు పూయడం మానుకోవాలి. అది కంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కనుబొమను నింపడానికి మన నల్లటి వెంట్రుకలకైనా పూర్తి నలుపు పెన్సిల్ వాడకండి, ముదురు గోధుమ రంగు తీసుకోండి. మొదలు దగ్గర ఒత్తకుండా, నడిమి నుంచి తోక దాకా వెంట్రుక మొలిచిన దిశలోనే చిన్నచిన్న గీతలు గీసి, శుభ్రమైన చిన్న బ్రష్‌తో దువ్వితే గీత గీసినట్టు తెలియదు. నా పక్క కుర్చీలో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి చేతిలో ఈ విద్య చూసి తీరాలి. ఆమె పెన్సిల్‌ను చివరన పట్టుకుంటుంది, దాంతో ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నర్సులకు టోపీకి, మాస్కుకు నడుమ కనిపించేది కళ్లూ కనుబొమలే కాబట్టి, వాళ్లకు ఈ ఒక్కటి వస్తే రోజువారీ మేకప్‌లో సగం వచ్చినట్టే.

ఇక ఫౌండేషన్. అక్కడ కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా బెడ్ స్పేస్‌లో ఉంటారు. ఒక గదిలో నలుగురైదుగురు, ఒక అద్దం, ఒక ట్యూబ్‌లైట్. తెల్లవారుజామున ఆ వెలుగులో వంతులవారీగా తయారై మెట్రో ఎక్కేసరికి కొందరి ముఖం బూడిద రంగులో, మెడ ఇంకో రంగులో కనిపిస్తుంది. ఆడవాళ్ల సెలూన్ కాబట్టి మా దుకాణం అద్దాలకు కూడా తెరలే, పగటి వెలుగు లోపలికి రాదు. అందుకే షేడ్ చూడాలంటే కస్టమర్‌ను తలుపు దాకా నడిపిస్తాను. హైదరాబాద్‌లోనే పగటిపూట బాల్కనీలోకి చిన్న అద్దం తీసుకెళ్లి, రెండు మూడు షేడ్లను దవడ ఎముక మీద, మెడ వైపు జారేలా సన్నని గీతలుగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి చూడండి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురుతాయి కాబట్టి ఆ ఆగడం అవసరం. ఏ గీత మాయమైందో అదే మీ షేడ్. మణికట్టు మీద చూసుకుంటే లాభం లేదు, చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. పెళ్లింట్లో నలుగు పెట్టించుకున్న మరునాడు, బోనాలకు ముఖానికి పసుపు రాసుకున్న మరునాడు షేడ్ చూసుకోవద్దు, ఆ పసుపు దిగనివ్వండి. మన చామనఛాయలో పసుపు, బంగారు మెరుపు ఎక్కువ. ఆ ఛాయకు దగ్గరైన షేడే నప్పుతుంది, ఒక మెట్టు తెల్లగా ఉన్నది కొనడం వల్లనే ముఖం బూడిద బారుతుంది. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు: మేకప్ ఛాయను మార్చడానికి కాదు.

ఫౌండేషన్‌ను ముఖమంతా పులమనవసరం లేదు. ముక్కు పక్కలా, నోటి చుట్టూ, మచ్చలున్న చోటా తడి స్పాంజ్‌తో అద్ది, అంచుల వైపు పలుచబరిస్తే చాలు. దానికన్నా ముందు చేయవలసినది ఉంది. అక్కడ బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, లోపల పొద్దంతా ఏసీ. ఏసీ గాలికి చర్మం ఆరిపోయి, పొడి చర్మం మీద మేకప్ మధ్యాహ్నానికల్లా పొట్టులా లేస్తుంది. ముఖం కడిగాక తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్, అది ఇంకాక సన్‌స్క్రీన్ రాయాలి. ఎండ నుంచి ఎంత రక్షణో తెలిపే అంకె ఎస్‌పీఎఫ్. అది 30 ఉన్నది, చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను దాదాపు 97 శాతం, 50 ఉన్నది దాదాపు 98 శాతం ఆపుతుంది. అంకె కన్నా రాసే పరిమాణమే ముఖ్యం. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు వరుసలు తీసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది.

కంటి కింది నలుపు రాత్రి డ్యూటీలు చేసేవాళ్లందరి బాధ. దాని మీద నేరుగా లేత కన్సీలర్, అంటే మచ్చలను కప్పే క్రీము, పూస్తే బూడిద రంగే మిగులుతుంది. నీలిమను నారింజ రంగు అణచివేస్తుంది కాబట్టి ముందు నారింజ ఛాయ ఉన్న కరెక్టర్‌ను నలుపున్న మేరకే అద్ది, దానిపై మీ రంగు కన్సీలర్ పలుచగా వేయాలి. కాటుక జారకుండా ఉండాలంటే కింది రెప్ప వెలుపల జిడ్డు లేకుండా కాస్త పౌడర్ అద్దాలి. పన్నెండు గంటల డ్యూటీ ఉన్నవాళ్లు కింది రెప్పకు మాని, పై రెప్ప వెంట్రుకల మొదట్లో పెట్టుకుంటే సాయంత్రం దాకా చెక్కుచెదరదు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ముందు లెన్సు పెట్టుకుని తర్వాత మేకప్ వేసుకోవాలి. మస్కారా తెరిచిన మూడు నెలలకు పారేయాలి, పక్క మంచం అమ్మాయి ఎంత ఆప్తురాలైనా కాటుక, మస్కారా పంచుకోకూడదు. పెదవులకు మీ పెదవి సహజ రంగు కన్నా ఒక్క ఛాయ ముదురుది ఎంచుకోండి, అదే కొద్దిగా వేలితో బుగ్గలకూ అద్దుకోవచ్చు.

కొనే దగ్గర ఒక జాగ్రత్త. బేగంబజార్‌లో హోల్‌సేల్ ధరకు మంచి సరుకూ దొరుకుతుంది, పేరున్న బ్రాండ్లకు నకళ్లూ దొరుకుతాయి. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి; విదేశీ సరుకైతే, కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు లేబుల్ మీద ఉండాలి. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు వదినకో చెల్లెకో కానుకగా సూట్‌కేసులో తెచ్చే, లేబుల్ సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీముల గురించి మరీ చెబుతున్నాను. అలాంటివాటిలో పాదరసం ఉండే ప్రమాదముంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రేమతో తెచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ప్రయాణానికి ముందు రోజు థ్రెడింగ్ చేయించుకోవద్దు, ఎర్రదనం, చిన్న పొక్కులు తగ్గడానికి వీలుగా వారం ముందే కానివ్వండి. శంషాబాద్‌లో భద్రతా తనిఖీ దగ్గర క్యాబిన్ బ్యాగులో 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాల సీసాలను అనుమతించరు. సన్‌స్క్రీన్, ఫౌండేషన్, మేకప్ తీసే మైసెల్లార్ వాటర్, ట్వీజర్ పెద్ద సూట్‌కేసులోనే సర్దుకోండి. ఎంత అలిసి వచ్చినా ముందు మైసెల్లార్ వాటర్‌తో తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడిగి పడుకోవాలి. చేరిన కొత్తలో కనుబొమలను ఎవరి చేతికీ అప్పగించకుండా, పగటి వెలుగులో కింది అంచున మొలిచిన విడి వెంట్రుకలను ట్వీజర్‌తో, మొలిచిన దిశలోనే లాగుతూ నెల గడపండి. ఈలోగా తోటి ఉద్యోగినుల్లో ఎవరి కనుబొమలు సహజంగా ఉన్నాయో గమనించి, వాళ్లు ఎక్కడ చేయించుకుంటున్నారో అడిగి అక్కడికి వెళ్లండి. దారం తెంచకముందే, కింద మాత్రం శుభ్రం చేస్తే చాలు, మందం తగ్గించవద్దు అని స్పష్టంగా చెప్పండి.