వదిలేసిన చేప ఎటు వెళ్తుంది?

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో పడవ వేసుకుని గాలం పోటీలకు వెళ్తుంటాడు. మొన్న ఒక వీడియో పంపాడు. పోటీలో తూకం అయ్యాక, బాస్ అనే అక్కడి మంచినీటి చేపను రేవు దగ్గరే నీళ్లలో వదిలాడు. అది ఒక్కసారి తోక కొట్టి లోపలికి పోయింది. "చూశావా మావయ్యా, బతికిపోయింది!" అన్నాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర ఇరవై రెండేళ్లుగా చేపల చెరువులు చేస్తున్నాను. ఒక మే నెలలో తొందరపడి, మిట్టమధ్యాహ్నం నలభై పెద్ద శీలావతులను పక్క చెరువులోకి మార్పించాను. వదిలినప్పుడు ఒక్కటీ తిరగబడలేదు. మూడో రోజు పొద్దున గట్టు మీదికి వెళ్తే పదకొండు తేలి ఉన్నాయి. వల రాసుకుని పొలుసులు ఊడిన చోటల్లా తెల్లగా బూజు. ఈదుకుంటూ పోయిన చేప బతికినట్టే అని ఆ రోజు నుంచి నేను అనుకోను.

బాస్‌దీ అదే కథ. గాలానికి పడి పెనుగులాడితే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. తేరుకోవడానికి గంటలు పడుతుంది. వేసవిలో ఇంకా కష్టం. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. పడవలో లైవ్‌వెల్ అనే తొట్టి ఉంటుంది, అందులోనే పొద్దుటి నుంచి తిప్పుతారు. తర్వాత సంచిలో వేసుకుని తూకం దగ్గర వరుసలో నిలబడతారు. నాకు ఎక్కువ భయం ఆ వరుస గురించే. లోతులోంచి పైకి లాగిన చేపకైతే గాలితిత్తి ఉబ్బి, కిందికి దిగలేక పైనే తేలుతుంది.

వదలడం మంచిది కాదని నేను అనను. రే స్కాట్ అనే ఆయన 1967లో ఆర్కాన్సాలోని బీవర్ లేక్‌లో పెద్ద పోటీ పెట్టాడు. 1972 నుంచి చేపల్ని చంపకుండా వదలమని పట్టుబట్టాడు. అది చాలా పెద్ద పని. కానీ ఎక్కడ వదులుతున్నామన్నది కూడా చూడాలి కదా. చెరువుకి ఆ చివర పట్టి, ఈ చివర రేవులో వదిలితే లార్జ్‌మౌత్ అనే రకం బాస్‌లు చాలావరకు ఆ చుట్టుపక్కలే రోజులు, వారాలు ఉండిపోతాయి. కొన్ని మాత్రం మైళ్ల దూరం ఈదుకుంటూ పాత చోటికి చేరతాయి. మిగతావి రేవు దగ్గరే గుమిగూడితే, తర్వాత వచ్చినవాడి గాలానికి మళ్లీ అవే తగులుతాయి.

అన్నింటికంటే నన్ను కలచివేసేది గూళ్ల సంగతి. వసంతంలో మగ బాస్ అడుగున తోకతో ఊడ్చి గూడు చేసి, గుడ్లకూ పిల్లలకూ తనే కాపలా కాస్తుంది. దాన్ని తీసుకుపోతే నిమిషాల్లో బ్లూగిల్ అనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. సాయంత్రం ఎంత క్షేమంగా వదిలినా అప్పటికి గూట్లో ఏముంటుంది?

ఇది మనకు తెలియని విషయం కాదు. మన డ్రెయిన్లలో, గుర్రపుడెక్క పక్కన, ఎర్రగా గుంపుగా కొరమీను పిల్లలు పైకి తేలి ఆడుతుంటాయి. కిందనే తల్లీతండ్రీ ఉంటాయి. చిన్నప్పుడు ఆ ఎర్రటి గుంపు మధ్యలోకి కప్పను గుచ్చిన గాలం వేసేవాళ్లం. పెద్ద చేప పిల్లల్ని కాపాడుకోవడానికి దూకి పట్టుకునేది, ఆకలితో కాదు. ఒకసారి అలా తీశాక అక్కడే కూర్చున్నాను. గుంపు చెదిరిపోయింది. కాసేపటికి నీటికాకులు దిగాయి. ఆ తర్వాత ఇంక నేను అలా గాలం వేయలేదు.

ఇదంతా ఫోన్‌లో మావాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావయ్యా, ఏప్రిల్‌లో గూటి మీదున్న దాని జోలికి వెళ్లను. పడవలో తీసుకెళ్లి లోపల వదులుదామని పోటీ పెట్టేవాళ్లను అడుగుతా" అన్నాడు. గూడు కనిపిస్తే దూరం నుంచి ఒక ఫోటో తీసి పంపరా అన్నాను. గుండ్రంగా పళ్లెంలా ఉంటుందట. నేనెప్పుడూ చూడలేదు.