లియోన్‌లో వాక్యాల వెంట

ఫ్రెంచి నేర్చుకోవాలంటే మాటల పట్టిక బట్టీ పట్టడం కంటే వాక్యాలు రాసుకోవడం మేలని నా గట్టి నమ్మకం. అందుకే అమ్మా నేనూ చెల్లెలు వాళ్ళింటికి లియోన్ బయల్దేరుతున్నామని తేలగానే ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాను. ఒక్కో మామూలు మాటకి ఒక్కో వాక్యం. 'రొట్టె' అని విడిగా రాయలేదు, 'నాకు ఒక రొట్టె కావాలి' అని రాశాను. 'రైలు' అని కాదు, 'రైలు ఎన్నింటికి బయల్దేరుతుంది' అని. అన్నీ తెలుగు లిపిలోనే. ఫ్రెంచివాళ్ళు ముక్కుతో పలికే అచ్చులకి మన అరసున్న ఎంత బాగా సరిపోతుందో రాస్తూపోతేగానీ తెలియలేదు. బోఁజూర్ అంటే నమస్కారం. దమేఁ అంటే రేపు. చిన్నప్పుడు పద్యాల్లో చూసి వదిలేసిన అరసున్న ఇన్నాళ్ళకి చేతినిండా పని చేసింది.

పారిస్ ఎయిర్‌పోర్టులోనే టీజీవీ అనే వేగపు రైళ్ళ స్టేషన్ ఉంది. అక్కడినుంచి లియోన్ పార్ దియూ స్టేషన్‌కి రెండు గంటల ప్రయాణం. ఫ్రాన్సులో ఈ వేగపు రైళ్ళు మొదట నడిచింది పారిస్, లియోన్ నగరాల మధ్యే, 1981లో. ఊరు దగ్గర పడుతుండగా స్పీకర్‌లో ఒక గొంతు, ఏమీ మర్చిపోలేదు కదా అని ఒకసారి చూసుకోమంది. 'రియేఁ ఉబ్లియే' అన్న చివరి రెండు మాటలూ స్పష్టంగా వినిపించాయి. 'నేనేమీ మర్చిపోలేదు' అన్న వాక్యం నా నోటుబుక్కులో ఉంది. రాసుకున్నది ఎదురొచ్చి పలకరించినంత సంతోషం కలిగింది. అమ్మ మాత్రం నా మాట నమ్మకుండా పచ్చళ్ళ సంచీ ఉందో లేదో తడిమి చూసుకుంది.

చెల్లెలు వాళ్ళది క్ర్వా రూస్ గుట్ట మీద ఇల్లు. మెట్రో సి లైను ఆ ఏటవాలు ఎక్కడానికి రంపం లాంటి పళ్ళున్న పట్టా పట్టుకుని నడుస్తుంది. పొద్దున్నే రొట్టెల కొట్టుకి వెళ్ళే పని నేనే పెట్టుకున్నాను. అక్కడ బోఁజూర్ అనకుండా నోరు తెరవకూడదు. 'బోఁజూర్ మదామ్, జ వుద్రే యున్ త్రాదిస్యోఁ, బియేఁ క్యుయీత్, సిల్ వు ప్లే.' అమ్మా, ఒక త్రాదిస్యోఁ ఇవ్వండి, బాగా కాలినది. త్రాదిస్యోఁ అంటే 1993లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం చేసే బగెత్, అంటే కర్రలా పొడవాటి రొట్టె. పిండి, నీళ్ళు, ఉప్పు, పులిపిండి లాంటివి తప్ప వేరే రసాయనాలు కలపకూడదు, తయారీలో ఎక్కడా ఫ్రీజ్ చేయకూడదు. రొట్టె కాగితంలో చుట్టేశాక ఆవిడ 'అవెక్ ససి?' అంటుంది, దీనితో పాటు ఇంకేమైనా అని. 'స సరా తూ, మెర్సి.' అంతేనండి, థాంక్స్. ఈ వాక్యాలన్నీ రోజూ అదే వరసలో వస్తాయి. అక్కడ నిలబడితే చాలు, వాటంతట అవే నోటికి వచ్చేస్తాయి.

కానీ నన్ను కట్టిపడేసింది గుట్ట మీది పెద్ద రోడ్డు పొడవునా సాగే సంత. సోమవారం తప్ప రోజూ పొద్దున ఉంటుంది. మేం వెళ్ళింది ఎండాకాలం. రోన్ లోయ తోటలనుంచి వచ్చిన ఆప్రికాట్లు బుట్టల్లో పసుపూ ఎరుపూ కలిసి మెరుస్తున్నాయి. కొట్టు ముందు గుంపుగా ఉన్నా తోసుకోవడం ఉండదు. 'సేతా కి?' అని అడుగుతాడు కొట్టతను, ఎవరి వంతు అని. 'సేతా మ్వా' అనాలి, నాదే అని. తర్వాత 'జ వుజాఁ మే కోఁబియేఁ?' అంటాడు. వీటిలో మీకెన్ని వేయమంటారు? ఈ వాక్యంలో 'ఆఁ' అనే చిన్న ముక్క ఒకటుంది. 'వీటిలో' అనే పని అదొక్కటే చేస్తుంది. మాటల పట్టికలో ఆ ముక్కకి ఎదురుగా ఏ అర్థం రాసినా తృప్తి ఉండదు. బుట్ట ముందు నిలబడి 'జాఁ ప్రాఁ అఁ కిలో', వీటిలో కిలో తీసుకుంటాను అన్నప్పుడు ఇక అర్థం చెప్పే పనే ఉండదు. అరకిలో కావాలంటే యున్ లీవ్ర్ అంటారు. తూకం కాస్త ఎక్కువైతే, కొంచెం ఎక్కువొచ్చింది, ఉంచేయనా అని అడుగుతారు. ఉంచేయమనే అంటాం కదా ఎవరమైనా!

ఒకాయన ఆప్రికాట్ కోసి కత్తి మొనతో ముక్క అందించి 'గూతే, ఇలే బోఁ' అన్నాడు, రుచి చూడండి, బాగుంది అని. వెంటనే పక్క బుట్టలోంచి పీచ్ పండు ముక్క ఇస్తూ 'గూతే, ఎలే బొన్' అన్నాడు. అదే మాట, అదే అర్థం. ఆప్రికాట్ మగ, పీచ్ ఆడ. మనకి పండు ఏదైనా 'అది'. వాళ్ళకి ఒక పండు 'అతను', ఇంకోటి 'ఆమె'. ఈ లింగభేదం మీద పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఉంటాయి. నాకైతే బోఁ అన్నప్పటి పులుపూ, బొన్ అన్నప్పుడు మణికట్టు దాకా కారిన రసమూ చాలు, ఆ రెండు పళ్ళ లింగమూ ఇక మారదు.

మరో కొట్టులో ఖర్బూజా తీసుకోబోతే ఆవిడ కాయ తొడిమ దగ్గర వాసన చూసి 'సే పూర్ ఓజూర్ద్వీ ఊ దమేఁ?' అని అడిగింది. తినేది ఈ రోజా, రేపా? రేపు మధ్యాహ్నానికి అంటే ఇంకో కాయ వెతికి ఇచ్చింది. ఈ రోజు, రేపు, మధ్యాహ్నం, సాయంత్రం అన్నీ ఆ ఒక్క సంభాషణలో వచ్చేశాయి. అంకెలూ అక్కడే పట్టుబడ్డాయి. ఫ్రెంచిలో డెబ్భై అంటే అరవై పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల పది. కాగితం మీద చూస్తే లెక్కల పరీక్షలా టెన్షన్ పెడుతుంది. పలక మీద 3,80 అని సుద్దముక్కతో రాసి ఉండగా 'త్ర్వా కాత్ర్ వేఁ' అని చెవిన పడుతుంటే కూడికా గుణింపూ లేకుండా తలకెక్కుతుంది.

సాయంత్రం చెల్లెలితో ఇవన్నీ చెబితే తను ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. తను పనిచేసేది జెర్లాఁ ప్రాంతంలో, ఎకోల్ నార్మాల్ దగ్గర. ఆ విద్యాసంస్థలో ఒక భాగం పారిస్ పక్కన సేఁ క్లూ అనే చోటునుంచి 2000లో లియోన్‌కి తరలివచ్చింది. ఆ సేఁ క్లూలోనే 1950ల మొదట్లో జోర్జ్ గుగెనెమ్ అనే భాషావేత్త తన బృందంతో కలిసి, విదేశీయులకి ముందుగా ఏ ఫ్రెంచి మాటలు నేర్పాలో తేల్చడానికి పూనుకున్నాడు. టేప్ రికార్డర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మామూలు జనం మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి, సుమారు 3,12,000 మాటలు లెక్కగట్టారు. 1954లో మొదటి జాబితా అచ్చయింది. తర్వాత దానికి ఫ్రాఁసే ఫోఁదమాఁతాల్, అంటే మౌలిక ఫ్రెంచి, అని పేరు స్థిరపడింది.

ఆ లెక్కలో బయటపడిందేమిటంటే, తరచుగా వచ్చేవన్నీ ఉండటం, చేయడం, వెళ్ళడం లాంటి క్రియలూ, విభక్తుల్లాంటి చిన్న ముక్కలూ. అందరి ఇంట్లో ఉండే ఫోర్కు లాంటి వస్తువుల పేర్లు సంభాషణల్లో చాలా అరుదు. తెలియక కాదు, ఆ సందర్భం వస్తేనే అవి నోటికొస్తాయి. అందుకని బట్టలు, వంటిల్లు, భోజనం వంటి 16 అంశాలు ఇచ్చి, బడిపిల్లల చేత వాటికి సంబంధించిన మాటలు రాయించి, వాటినీ జాబితాలో కలిపారు. ఈ పని చేసినవాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. భాషని పండితుల పుస్తకాల్లో వెతకకుండా జనం నోళ్ళలో వెతికారు. అయినా తరచుగా వచ్చే ఆ చిన్న ముక్కలే విడిగా నేర్వడానికి అసలు లొంగవు. 'ద' అనే ముక్కనే చూడండి. లిఫ్టులో పక్కింటి పెద్దావిడతో 'జ వియేఁ దేఁద్' అన్నాను, ఇండియా నుంచి వచ్చాను అని. ఎప్పుడొచ్చారని అడిగింది. 'జ వియేఁ దరివే', ఇప్పుడిప్పుడే వచ్చాను. అదే క్రియ, అదే 'ద', కానీ ఒకటి చోటు చెబుతుంది, ఇంకోటి సమయం. రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకున్నాను.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. కాబట్టి క్ర్వా రూస్‌లో మేం తప్పకుండా చూడాల్సినది ఇంకోటుంది. ఈ గుట్టంతా ఒకప్పుడు పట్టు నేతగాళ్ళది. వాళ్ళని కాన్యూలు అంటారు. కూలి రేట్ల కోసం 1831లో తిరగబడి ఊరినే పట్టుకున్నారు. 1804 ప్రాంతంలో జకార్ చిల్లుల అట్టలతో నడిచే తన మగ్గం తయారుచేసింది ఈ ఊళ్ళోనే, గుట్ట మీది చౌకులో ఆయన విగ్రహం ఉంది. మా ఊళ్ళో జాకార్డు అని రోజూ పలికే పేరు ఆ మనిషిదని అమ్మకి చెబితే ఆ విగ్రహానికి దణ్ణం పెట్టింది.

కాన్యూల మ్యూజియంలో గైడు మగ్గం నడిపి చూపిస్తూ ఫ్రెంచిలోనే చెప్పుకుపోయింది. 'లా నవెత్ పాస్ ద గోష్ ఆ ద్ర్వాత్.' నాడె ఎడమనుంచి కుడికి పోతుంది. 'లే ఫిల్ స లేవ్.' పోగులు పైకి లేస్తాయి. ఎడమ, కుడి, పోవడం, లేవడం, లాగడం, తెగడం, ముడి వేయడం. ఇవన్నీ ఎంత మామూలు మాటలో! చేతులు చేసే పని ముందే తెలుసు కాబట్టి వాక్యం పూర్తవకముందే అర్థమైపోతోంది. అమ్మకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా గైడు 'ల ఫిల్ కాస్' అనగానే 'పోగు తెగింది, ముడెయ్యాల' అంది నా చెవిలో. పెళ్ళయిననాటినుంచి కండెలు చుట్టిన మనిషి కదా. అట్టలకి పెట్టిన చిల్లులు వేలితో చూపించి గైడు వైపు తలూపితే, ఆ అమ్మాయి అమ్మని తాడు లోపలికి పిలిచి మగ్గం పక్కన నిలబెట్టింది.

ఇక బడిభాష వదిలి వీధిభాషకి వస్తే నా గురువు చెల్లెలి కూతురే. కిండర్‌గార్టెన్ పిల్ల. తెత్ దోర్ పార్కులో గులాబీ తోట, చెరువు, టిక్కెట్టు లేని జూ అన్నీ దానికి కొట్టినపిండి. 'పెద్దమ్మా, ఓఁనీ వా!' అని లాగేది, పోదాం పద అని. 'మనం' అనడానికి పుస్తకాలు నూ అని నేర్పుతాయి, పిల్లలూ పెద్దలూ ఓఁ అంటారు. తెలియదు అనడానికి నేను జ న సే పా అని రాసుకున్నాను, అది మాత్రం శే పా అని ఒక్క ఊపులో అనేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు తల్లి 'దొన్ మ్వా లా మేఁ' అంటుంది, చెయ్యి ఇవ్వు. నువ్వు, మీరు తేడా మనకి పుట్టుకతో వచ్చిందే కాబట్టి ఇంట్లో త్యూ, వీధిలో వూ అని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

గుట్ట మెట్లు ఎక్కీ దిగీ అమ్మకి మోకాలి నొప్పి పట్టుకుంది. ఆకుపచ్చ శిలువ దీపం ఉన్న మందుల షాపుకి ఇద్దరం వెళ్ళాం. 'మా మేర్ ఆ మాల్ ఓ జనూ దప్వీ ద జూర్' అన్నాను, మా అమ్మకి రెండ్రోజులనుంచి మోకాలు నొప్పి అని. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది కౌంటర్ వెనక ఆవిడ. 'ఎల్ ప్రాఁ అఁ మెదికమాఁ పూర్ లా తాఁస్యోఁ', బీపీకి బిళ్ళ వేసుకుంటుంది. అయితే నొప్పి బిళ్ళలు వద్దులెండి అని ఒక పూత మందు తీసి, పొద్దున, రాత్రి రాయమని చేత్తో చూపించింది. అమ్మ ఆవిడని తేరిపార చూసి, 'పొద్దస్తమానం నిలబడే ఉంటాది గదా పాపం, కాళ్ళు నొయ్యవా అని అడుగు' అంది. నోటుబుక్కులో ఆ వాక్యం లేదు. కానీ ముక్కలన్నీ నా దగ్గరే ఉన్నాయి. 'ఎ వూ, వుజావే మాల్ ఓ జాఁబ్, ల స్వార్?' ఆవిడ ముందు ఆశ్చర్యపోయి, తర్వాత గట్టిగా నవ్వి, 'తూ లే స్వార్, మదామ్!' రోజూ సాయంత్రం అదే పాటండీ అంటూ, కౌంటర్ పక్కకి వచ్చి ప్యాంటు అంచు కాస్త పైకెత్తి తను వేసుకున్న బిగుతు మేజోళ్ళు అమ్మకి చూపించింది. అమ్మ కొలతకి సరిపోయేవి ఉన్నాయేమో అడగమంది.